పోచమ్మ గడ్డ

మా మామ రాచయ్య అబద్ధాలాడే మనిషి కాదు. నిజానికి కాస్త ఎరువు వేసేవాడు, అంతే. ఆ ఎరువుకు నిజం ఏపుగా పెరిగి పందిరెక్కితే అది ఆయన తప్పా?

ఒకసారి ఖటక్ చించోళి నుంచి భాల్కికి పోయే బస్సులో ఆయన ఉల్లిగడ్డల మూట పిగిలి, ఒకే ఒక్క గడ్డ ఎవరి కాలికిందో నలిగిందట. ఆ ఘాటుకు బస్సు బస్సంతా ఏడ్చిందట. కండక్టరు కళ్ళు తుడుచుకుంటూనే టికెట్లు చింపాడట. ఎదురుగా వస్తున్న పెళ్ళివారు బస్సులో శవం ఉందనుకుని బాజాలు ఆపి పక్కకు జరిగి నిలబడ్డారట. ఈ కథ నేను ఆయన ఇంటికి ఇల్లరికపు అల్లుడిగా వచ్చిన మొదటివారంలోనే విన్నాను. నెల తిరిగేసరికి పెళ్ళికొడుకు కూడా ఏడ్చాడు. సంవత్సరం తిరిగేసరికి పెళ్ళే ఆగిపోయింది.

నాకూ కథలంటే ప్రాణమే. బీదర్ పక్కన నౌబాద్‌లో సైకిళ్ళు బాగుచేసే దుకాణం నాది. పంక్చరు అతుక్కునేలోగా ఏదో ఒకటి చెప్పకపోతే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. అందుకే మామకూ నాకూ పడింది. ఆయన కథ వదలడం, నేను దాని తోక పట్టుకుని లాగడం. మా ఇంట్లో రాత్రి భోజనం అంటే ఇదే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన తోక లాగే ధైర్యం ఎవరికీ లేదు. అది ఉల్లి విత్తనం.

ఉల్లి విత్తనం కట్టడం, అంటే గడ్డను మళ్ళీ నాటి పూయించి గింజ తీయడం, అందరికీ వచ్చే పని కాదు. మంచి గడ్డలు ఏరుకోవాలి. చలి మొదలయ్యాక వాటి నెత్తి కోయాలి, అంటే గడ్డ పైభాగం అడ్డంగా తీసేసి అడుగుభాగం నాటాలి. కోయకపోతే ఒకటి ముందు, ఒకటి వెనక, మొలకలన్నీ గొర్రెల మందలా వస్తాయి. ఎక్కువ కోస్తే గడ్డ కుళ్ళుతుంది. సరిగ్గా కోస్తే మడి మొత్తం ఒక్కసారి లేస్తుంది. మామ ఈ కోత చూడకుండా కోసేవాడు. కళ్ళు ఎదుటివాడి మీద, నోట్లో కథ, చేతిలో కత్తి. ఒక్క గడ్డ కూడా వంకర పోయేది కాదు. ఆయన విత్తనానికి బసవకళ్యాణ్ నుంచి కూడా మనుషులు వచ్చేవారు. తర్వాత అన్నదమ్ముల పంపకాల్లో చించోళి భూమి పోయింది. నౌబాద్‌లో చిన్న ఇల్లు, పెరట్లో నాలుగు మళ్ళు మిగిలాయి. వాటితోపాటు ‘గడ్డ సంగతి రాచయ్యను అడుగు’ అనే మాట మిగిలింది. ఆయన ఆస్తి అంతా ఆ మాటే.

కోతకు ముందు మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ గడ్డ నాటినా, కత్తి బయటికి రాకముందే మా అత్త బసమ్మ ఒక గడ్డ తీసి కొంగులో వేసుకునేది. అది పోచమ్మది. దానికి కత్తి తగలకూడదు. నీళ్ళ గోలెం వెనక, ఎండ తగలని చల్లటి మూలలో ఆమె చేత్తోనే నాటుకునేది. మగవాళ్ళు అటు చూడకూడదు, అడగకూడదు. మొలిచినా పోచమ్మదే, మురిగినా పోచమ్మదే. మామ దానికి అమ్మవారి కమీషను అని పేరు పెట్టాడు. అత్త ఆ మాటకు ఎన్నడూ నవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన చలికాలం అది. బీదర్ కచేరీల ముందు పెయింటర్లు నిచ్చెనలెక్కి పాత పేరు మీద కొత్త పేరు రాస్తున్నారు. దానికి కొంచెం ముందు, వానలు వెనకపట్టే రోజుల్లో, మా గోడ అవతలి ప్రేమమ్మ ఒక బిస్కట్ల డబ్బా పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

ప్రేమమ్మ దవాఖానలో నర్సుగా పనిచేసి దిగిపోయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మా పేటలో సగం మందిని ఆమె చేతులే మొదట ఎత్తాయి, అందుకని ఎంత పెద్ద మొగోడైనా ఆమె ముందు కొంచెం వంగి నడిచేవాడు. ఆమెతో చాలా ఏళ్ళు పనిచేసి హాలెండుకు వెళ్ళిపోయిన ఒక దొరసాని సిస్టరు, ఎవరో పాదిరి చేతికిచ్చి ఆ డబ్బా పంపింది. మూత తీస్తే పదీపన్నెండు గడ్డలు. గోధుమరంగు పొర, మొన తేలిన నెత్తి. అచ్చం ఉల్లిగడ్డలే. వాసన మాత్రం లేదు.

వీటిని ట్యులిప్పులంటారని, ఆ దేశంలో చలికాలమంతా మంచు కింద పడుకుని తర్వాత పూస్తాయని, మన దగ్గర మంచు లేదు కాబట్టి నాటేముందు రెండునెలలైనా చల్లటి చోట దాచాలని సిస్టరు చెప్పి పంపిందట. ఒకప్పుడు ఆ దేశంలో ఒక్క గడ్డకు ఒక ఇల్లు ఇచ్చి కొనుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారట. మామ ఈ సంగతి నా దుకాణంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పటిదాకా ఆయన ఎరువు వేయకుండా చెప్పిన కథ అదొక్కటే. దాన్నొక్కదాన్నే ఎవరూ నమ్మలేదు.

చల్లటి చోటు అంటే బీదర్‌లో ఒకటే ఉంది, ఐసు కార్ఖానా. అక్కడ గిద్యోను పనిచేసేవాడు.

గిద్యోను ప్రేమమ్మ అక్క కొడుకు. ముప్పయ్యేళ్ళవాడు, కండగలవాడు, తల వంచుకుని నడిచేవాడు. ఒకప్పుడు తాగేవాడు. తాగినరోజుల్లో ప్రేమమ్మ కుట్టుమిషను అమ్మేసి ఊరు దాటిపోయాడు. మూడేళ్ళకు తిరిగొచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చున్నాడు. తాగుడు మానేశానన్నాడు, మానేశాడు కూడా. ప్రేమమ్మ అన్నం పెట్టింది. కానీ పడక మాత్రం వరండాలోనే. రాత్రి తలుపు లోపలినుంచి గడియ పడేది. ఆ గడియ చప్పుడు గోడకు ఇవతల మాకు కూడా వినబడేది.

ఆ రోజు మా వాకిట్లో ప్రేమమ్మ డబ్బా మూత పెట్టి గిద్యోను చేతికిచ్చింది. మిషను పోయాక ఆమె వాడి చేతికిచ్చిన మొదటి వస్తువు అదే.

“ఇవి పూసినయంటే నువ్వు లోపల పండుకో” అంది. నవ్వుతున్నట్టే అంది. గిద్యోను నవ్వలేదు. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకుపోయినట్టు తీసుకుపోయాడు.

ఆ రెండునెలలు వాడు ఆ గడ్డల్ని చూసుకున్నట్టు మొగుళ్ళు పెళ్ళాల్ని చూసుకుంటే ఊళ్ళో సగం కాపురాలు బాగుపడేవి. ఐసు గది గోడకు ఆనించి, రంపపు పొట్టులో పెట్టి, ఐసు తగలకుండా చలి మాత్రం తగిలేలా దాచాడట. పని ఎక్కాక ఒకసారి, దిగేముందు ఒకసారి పొట్టులో చెయ్యి పెట్టి చూసేవాడట. సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చినప్పుడు నాకు చెప్పేవాడు, అన్నా ఇయ్యాల మంచిగున్నయి, అని. అంతకుమించి వాడికి మాటలు రావు.

కార్తీకం వెళ్ళాక ఒక ఆదివారం గిద్యోను డబ్బా తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. ప్రేమమ్మ పెరడంతా ఎర్రరాయి, గునపం దిగదు. మాది మెత్తటి మన్ను, పక్కన బావి. పైగా గడ్డ సంగతి రాచయ్యను అడగాలి కదా. మామకు అప్పగించి, పిన్నీ కొడుకూ వాళ్ళ గుడికి, అంటే చర్చికి, వెళ్ళిపోయారు. ఆ రోజు ప్రార్థన పెద్దది.

అత్త వచ్చింది. డబ్బాలోంచి ఒక గడ్డ తీసి కొంగులో వేసుకుని గోలెం వెనక్కి పోయింది. మామా నేనూ తలలు పక్కకు తిప్పుకున్నాం. ఆమె వెళ్ళాక మామ కత్తి తీసి అరచేతి మీద రెండుసార్లు రుద్దాడు.

ఇది వేరే దేశపు గడ్డ కదా, దీనికీ నెత్తి కొయ్యాలా అని అడిగాను. ఊరికే అడిగాను, నోరు ఊరుకోక.

“గడ్డ యాడిదైనా గడ్డే అల్లుడా. దొరసాని నెత్తిల కూడా మనకున్నదే ఉంటది” అన్నాడు.

అని కోశాడు. చూడకుండా కోశాడు. ఆ కోస్తున్నంతసేపూ నాకు, హాలెండులో ఒక రైతు ఇంత పెద్ద ట్యులిప్పు పండించాడని, వాన వస్తే ఇంటిల్లిపాదీ దాని కింద నిలబడ్డారని చెప్పాడు. ఒక్క గడ్డ కూడా వంకర పోలేదు. కోసిన నెత్తులు మేకకు వేస్తే మేక తినలేదు. అది చూసి కూడా మాకు ఏమీ తోచలేదు.

మార్గశిరం చలికి మడిలో ఆకులు లేచాయి. వెడల్పాటి, బూడిదరంగు ఆకుపచ్చ. పేటంతా వచ్చి చూసింది. మామ మడి పక్కన పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాడికల్లా ఒక కథ చెప్పి పంపాడు. పువ్వు చెంబంత ఉంటుందన్నాడు. రాత్రిపూట మూసుకునేటప్పుడు చప్పుడవుతుందన్నాడు. కొత్తసంవత్సరం నాడు ప్రేమమ్మ గుడిలో బల్ల మీద పెట్టడానికి ఆయనే స్వయంగా మోసుకుపోతానన్నాడు. గుడివాళ్ళు దానికోసం ఒక కొత్త ఇత్తడి చెంబు కూడా తెచ్చిపెట్టుకున్నారు.

నేను మాత్రం ఒకటి గమనించాను. ఆకుల కొసలు మొనతేలి లేవు. ప్రతి ఆకూ పైన అడ్డంగా, చదునుగా ఉంది.

“మామా, వీటికి మంగలి ఎవరు?” అన్నాను.

నా జీవితంలో ఆయన నా మాటకు కోపం తెచ్చుకోవడం అదే మొదలు. ఆ దేశపు ఆకులు అట్లనే ఉంటయి, నీకేం మాలూమ్, పోయి సైకిళ్ళు చూసుకో, అన్నాడు. నేను నవ్వుకుంటూ పోయాను. కథ తోక దొరికిందనుకున్నాను కానీ అది కథ తోక కాదని నాకు అప్పుడు తెలియదు.

కొత్తసంవత్సరం వచ్చింది, పోయింది. గుడిలో ఇత్తడి చెంబులో బంతిపూలు పెట్టారు. మడిలో ఆకులు పసుపెక్కి పక్కకు వాలడం మొదలుపెట్టాయి. ఒకటి రెండింటిలో సన్నటి కాడ లేచింది కానీ దాని పైన ఏమీ లేదు, అగ్గిపుల్ల మందు రాలిపోయినట్టు. దారిన పోయేవాళ్ళు గోడ మీదినుంచి తొంగి చూసి, ఏం రాచయ్యా, నీ దొరసాని ఇంకా ముస్తాబవుతున్నదా, అని అడిగేవారు. మామ పీట లోపలికి తెచ్చేశాడు.

ఒకనాటి పొద్దున ప్రేమమ్మ మా పెరట్లోకి వచ్చింది. వెనక గిద్యోను. ఆమె మడి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మెల్లగా అడిగింది. “అన్నా, ఇంక పూస్తయా?”

మామ మడి వైపే చూస్తున్నాడు. “పూయవు చెల్లె.”

“ఏమైంది?”

మామ కింద పడిన ఒక ఆకు తీసి, వేలితో మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

“లోపల కాలిపోయినయి. ఐసు కాల్చింది.”

గిద్యోను వాదిస్తాడేమో అనుకున్నాను. నేనైతే వాదించేవాణ్ణి. వాడు మాత్రం ఆలోచించాడు. నిజంగా, గుర్తుచేసుకోవడానికి ఆలోచించాడు.

“కావచ్చు మామా” అన్నాడు. “దీపావళి ముందు కార్ఖానల పని ఎక్కువుండె. ఒక దినం నేను వచ్చేసరికి పొట్టు మీద తెల్లగ పేరుకున్నది. తుడిచిన. ఏం గాలే అనుకున్న. అప్పుడే అయి ఉంటది.”

ప్రేమమ్మ వాడివైపు తిరగలేదు. “మిషను పోయిననాడే నేను బుద్ధి తెచ్చుకోవాలె” అంది, మడితో చెబుతున్నట్టు. అని వెళ్ళిపోయింది.

మామ బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. చేతులకు మన్ను లేదు.

మర్నాడు వరండాలో పక్కచుట్ట లేదు. గిద్యోను ఐసు కార్ఖానాలో పని మానేసి బసవకళ్యాణ్‌లో శాంతరాజు అనే తెలిసినవాడి సోడా దుకాణంలో చేరాడని రెండురోజులకు తెలిసింది. ఆ రాత్రి కూడా గోడ అవతల గడియ పడిన చప్పుడు వినబడింది. ఇప్పుడు ఎవరికోసం పడిందో తెలియదు, అలవాటుకు పడి ఉంటుంది.

మామ భోజనం దగ్గర కథ చెప్పలేదు. నేను భాల్కి బస్సు కథ ఎత్తుకున్నాను, పెళ్ళికొడుకు తర్వాత ఏమయ్యాడని. ఎవడికి తెలుసు, అన్నాడు.

అది జరిగిన వారం లోపే అనుకుంటాను, పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి వెళ్ళి చూస్తే నీళ్ళ గోలెం వెనక ఒక గంప బోర్లించి ఉంది. అత్త వచ్చి, పిడకలకు గంప కావాలని తీసుకుపోయింది. మధ్యాహ్నానికి అక్కడ ఇంకో గంప ఉంది, చిన్నది. అత్త వచ్చి, కోడిపిల్లలకు కావాలని అదీ తీసుకుపోయింది. సాయంత్రానికి పగిలిన కుండ బోర్లించి ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఒక్క మాట లేదు. ఇది కూడా పోచమ్మ వ్యవహారమే అనుకుని నేను అటు చూడకూడదనే అనుకున్నాను. కానీ మామే అటు వెళ్ళి కూర్చుంటుంటే చూడకుండా ఎట్లా?

మూడోనాడు వెళ్ళాను. మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు, చెయ్యి కుండ మీద. అత్త ఎదురుగా నిలబడి ఉంది.

“తియ్యి. దానికి గాలి కావాలె” అంది.

ఆయన కుండ తీశాడు.

జానెడు కూడా లేని కాడ. దాని పైన ఒక ఎర్రటి మొగ్గ, విప్పబోతూ, దీపపు మంటలా నిటారుగా. కింద మొనతేలిన ఆకులు. ఒక్క ఆకు కొస కూడా చదునుగా లేదు. నేను చూశాను. అన్నీ ఒకే డబ్బాలోవి, ఒకే పొట్టులో పడుకున్నవి. ఇది ఒక్కటే కత్తి తగలనిది.

“గడ్డ లోపల పువ్వు ముందే ఉంటది అల్లుడా” అన్నాడు మామ, నా వైపు చూడకుండా. “ఉల్లిల అట్ల కాదు, పైన కోసినా కింద నుంచి తయారైతది. దీంట్ల ముందే ఉంటది. తెల్లగ, గోరంత. చలికి పైకి జరిగి నెత్తి కాడ కూసుంటది. నేను దాని మెడ కోసిన.”

తెలియక చేసిందే కదా మామా అన్నాను. ఓదార్పుకే అన్నాను.

అత్త నా మాట పూర్తి కానివ్వకుండా మామవైపు తిరిగింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు.

“కోసింది తెల్వకనే. ప్రేమమ్మ వచ్చేటి ముందుదినం నువ్వు ఒకటి తవ్వినవ్. చీల్చి చూసినవ్. పెంటల పూడ్చినవ్. నేను పిడకలు తీసుకుంట అక్కడనే ఉన్న. తెల్సినంక ఐసు అన్నవ్.”

మామ కుండ పక్కన పెట్టి, తలకు చుట్టుకున్న రుమాలు తీసి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. రుమాలు లేకుండా ఆయన తల నేను పగటిపూట చూడటం అదే. ఎంత చిన్న తలో.

లేచి గోడ దగ్గరికి పోయి పిలిచాడు. “చెల్లె, ఒకపాలి రా.”

ప్రేమమ్మ వచ్చింది. పువ్వు చూసింది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వచ్చి, మొగ్గను తాకకుండా దాని చుట్టూ గిన్నెలా నిలిచింది. పిల్లల తల పట్టుకునే చెయ్యి కదా. మామ నిలబడే చెప్పాడు. ఎరువు లేదు, కొమ్మలు లేవు. నెత్తి నేను కోసిన, అందుకే పోయినయి, ఇది కొయ్యలే కాబట్టి పూసింది, నాకు ముందే తెల్సు, పిల్లగాడు మంచిగనే పెట్టిండు. ఇంతే. నాలుగు ముక్కలు.

ఆమె తిడుతుందని నేను ఎదురుచూశాను. మామ కూడా ఎదురుచూశాడు. తిడితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు.

“నాకెందుకు చెప్తున్నవ్ అన్నా” అంది చివరికి. “అవి పూసినా పూయకున్నా నేను లోపలనే పండుకుంట.”

చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెళ్ళింది. తన గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది, ఖాళీ వరండాలో ఒక చేత్తో స్తంభం పట్టుకుని. ఆమె మాట మామకే తగిలిందని అంతవరకూ అనుకున్నాను.

మామ ఆ సాయంత్రమే మొక్కను మట్టిగడ్డతో సహా పెల్లగించి, ఒక పాత డాల్డా డబ్బాలో దింపాడు. పోచమ్మది కదా అని అత్తవైపు చూస్తే, పోచమ్మకు నేను చెప్పుకుంటా, నువ్వు పో, అంది. తెల్లవారి బసవకళ్యాణ్ బస్సెక్కాం. నన్నెందుకు రమ్మన్నాడో చెప్పలేదు. ఒక్కడే పోవడానికి భయపడ్డాడని నేను అనను, ఇల్లరికపు అల్లుణ్ణి.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ మొగ్గ విచ్చుకుంది, ఎర్రగా, అడుగున కొంచెం పసుపు. బస్సంతా మెడలు చాచింది. ఏం పువ్వు తాతా, ఎక్కడిది, ఎంత, అని ఒకటే అడగడం. నేను మామ నోటి వైపు చూస్తున్నాను. ఇంత మంది జనం, ఇంత పువ్వు, హుమ్నాబాద్ దాకా తీరిక. నాకిస్తే ఆ పువ్వుకు రెక్కలు మొలిపించేవాణ్ణి.

“గడ్డ పువ్వు” అన్నాడు మామ. “నాది కాదు. ఇయ్యబోతున్న.”

మరీ విచ్చుకుంది పువ్వు. హుమ్నాబాద్ దగ్గర బస్సు గతుకులో పడ్డప్పుడు ఒక రేకు రాలింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తగిలే ఇంకోటి రాలింది. బసవకళ్యాణ్‌లో దిగేసరికి కాడ మీద నడిమి పచ్చటి కాయ ఒక్కటే మిగిలింది. రాలినవన్నీ రుమాలు కొంగులో ముడి వేసుకున్నాడు.

సోడా దుకాణం బస్టాండుకు దగ్గరే. గిద్యోను సీసాలు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని, మామ కూర్చోవడానికి పెట్టె జరిపాడు. మామ కూర్చోలేదు. డబ్బా వాడి ముందు కింద పెట్టాడు.

వాడు ఆ ఉత్త కాడను చూశాడు. మొనతేలిన ఆకుల్ని చూశాడు. వంగి వేలితో కాడ కొసను, రేకులు ఊడిన చోటును తాకాడు.

“పూసిందా మామా?”

“పూసింది.”

“ఏ రంగు?”

రేకులు లేని పువ్వుకు ఏ రంగైనా చెప్పవచ్చు. మామ రుమాలు ముడి విప్పి చూపించాడు.

“ఇది కొయ్యనిది. కోసినయే పోయినయి. కోసింది నేను. నాకు ఎర్కయినంకనే నీ మీద చెప్పిన.”

గిద్యోను రేకుల వైపే చూస్తున్నాడు. కోపం రావాలి, వాడికది రావడానికి టైం పట్టేటట్టుంది. ముందు ఇంకేదో వచ్చింది ముఖంలోకి.

“అయితే చలి సరిపోయింది” అన్నాడు నా వైపు తిరిగి. “అన్నా, చలి బరాబర్ సరిపోయింది.”

బరాబర్ అన్నాను.

తర్వాత వాడు అడిగాడు, మామూలుగా అడిగినట్టే. “చిన్నమ్మకు చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమన్నది?”

ఇక్కడ మామ చెప్పగలిగిన మాటలు ఎన్నో. ఏడ్చిందనవచ్చు. నీ పక్క లోపల పరిచిందనవచ్చు. అది అబద్ధమైనా, మేము వెనక్కి పోయి నిజం చేయించేవాళ్ళమే. నేను మామ వైపు చూశాను, ఒక్కసారి కొంచెం ఎరువు వెయ్యి, ఇప్పుడు వెయ్యి, అని.

“నిన్ను గురించి ఏమనలే” అన్నాడు మామ.

గిద్యోను తలూపాడు. ఒక సీసా తీసి, బొటనవేలితో గోలీ లోపలికి నొక్కి, పొంగుతున్న సోడా మామకు అందించాడు. మామ తీసుకున్నాడు. తాగడానికి నోటి దాకా ఎత్తి, దించాడు. మళ్ళీ ఎత్తాడు. దుకాణం ముందు జనం చూస్తుండగా మొత్తం తాగాడు, చేదుమందు మింగినట్టు.

దీన్నేం చెయ్యాలె, ఆకులు కొయ్యాల్నా, అని అడిగాడు గిద్యోను డబ్బా చూపించి.

“దేన్నీ కొయ్యకు” అన్నాడు మామ. “ఎండనియ్యి. ఎండినంక గడ్డ తీసి చల్లగున్నకాడ పెట్టు. నీకు తెలుసు.”

గిద్యోను ఈస్టరుకు వచ్చాడు. ప్రేమమ్మ నడింట్లో పక్క పరిచింది. మాకు గోడ మీదినుంచి కనబడింది, కొత్త దుప్పటి. వాడు లోపల కూర్చుని అన్నం తిని, దుప్పటి మడతపెట్టి ఆమె చేతికిచ్చి, గాలి మంచిగున్నది చిన్నమ్మా, అని వరండాలోనే పడుకున్నాడు. పొద్దున్నే బసవకళ్యాణ్‌కు పోయాడు. ఆ రాత్రంతా గడియ పడలేదు. మామ వాడు ఉన్నంతసేపూ పెరట్లోకి రాలేదు. ఆ సంవత్సరం ఉల్లి కోతకు కత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా కోత వంకర, మడి గొర్రెల మందలా లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. గడ్డ సంగతి రాచయ్యను అడుగు అనే మాట మాత్రం పేటలో మెల్లగా ఆగిపోయింది. ఆయన వదిలేసిన కథలన్నీ నా మీద పడ్డాయి, అప్పటినుంచి నేనే మోస్తున్నాను.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ రోజు తిరుగు బస్సు. మామ ఖాళీ ఒళ్ళో రుమాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగాలికి అనుకోవచ్చు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. కండక్టరు పీరప్ప ఒకప్పుడు భాల్కి బస్సు మీద పనిచేసినవాడు, మామ కథ అందరికన్నా ఎక్కువసార్లు విన్నవాడు. టికెట్లు కొట్టుకుంటూ వచ్చి మా దగ్గర ఆగి, బస్సంతా వినేలా అడిగాడు.

“ఏంది రాచయ్యా, మళ్ళ మూట పిగిలిందా?”

జనం నవ్వడానికి తయారుగా ఇటు తిరిగారు. నేనూ తిరిగాను. ఆయన ఊ అంటే చాలు, ఆ కన్నీళ్ళకు ఒక కారణం దొరికేది, బస్సు నవ్వేది, మేము ఇల్లు చేరేవాళ్ళం.

“లే పీరప్పా” అన్నాడు మామ. “ఇయ్యాల ఉల్లిగడ్డలు లెవ్వు.”